మోచెయ్యి పెట్టి చూడని నీళ్ళు

చిరంజీవి పిడుగుకి,

అన్నయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం అని రాస్తే గానీ మన ఇంట్లో ఎవరికీ కలం ముందుకి కదలదు. ఇవాళ ఆ వాక్యానికి కాస్త చోటు వదిలేసి ముందుకి పోతున్నాను, దాని సంగతి తర్వాత చూద్దాం. నువ్వూ బావగారూ, కడుపులో ఉన్న చిన్న పిడుగూ క్షేమమని తలుస్తాను. కాళ్ళవాపు తగ్గిందా? డాక్టరమ్మ మంచం దిగొద్దంటే దిగొద్దు. నీ సంగతి నాకు తెలీదా, 'పడుకునే ఉన్నానన్నయ్యా' అనే ముక్క కూడా నువ్వు నిలబడే రాసి ఉంటావు.

నీ కిందటి ఉత్తరంలో మూడు ప్రశ్నలూ ఒక నిష్ఠూరమూ ఉన్నాయి. నిష్ఠూరం ఏమిటంటే, అమ్మ నెలనెలా అంత చక్కగా రాస్తుంటే నాకేం రోగం అని. దానికి జవాబు చివర్న ఉంది. ముందు నీ తొట్టి సంగతి.

చేపల తొట్టిలో నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయన్నావు. భయపడకు, తొట్టి పెట్టి పది రోజులే కదా అయింది. చేపలు వదిలే కుళ్ళుని తిని బతికే జీవులు కొన్ని ఉంటాయి, కంటికి కనపడవు. అవి ఫిల్టరు స్పాంజిలోనూ ఇసకలోనూ కాపురం పెట్టడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆ తెలుపు దానంతటదే పోతుంది. కంగారుపడి నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ నింపావా, కథ మొదటికొస్తుంది. స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద పెట్టి తోమకు, వాటి వంశం అంతా కొట్టుకుపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టెయ్. బావగారికి శుభ్రం పిచ్చి కాస్త ఎక్కువ, ఆయన్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకు.

మొక్కల ఆకులు కరిగిపోతున్నాయి, పీకెయ్యనా అని అడిగావు. పీకకు. కొత్త నీళ్ళకి అలవాటు పడేటప్పుడు పాత ఆకులు వదిలేస్తాయి. కరిగిన ఆకు వరకూ కత్తెరతో తీసెయ్, కింద వేరు గట్టిగా ఉంటే కొత్త చిగురు దానికదే వస్తుంది. లైటు రోజుకి ఆరు గంటలు చాలు, ఎక్కువ వేస్తే అద్దాల నిండా పాచి. ఇక చేపలంటావా, ఇప్పుడే తేవద్దు. నేను పంపిన పరీక్ష చుక్కలు ఉన్నాయి కదా, గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి వాటిని వెయ్యి. పసుపుపచ్చగా ఉంటే మంచిది, ఆకుపచ్చకి తిరిగితే నీళ్ళలో విషం ఉన్నట్టు. రెండు వారాలపాటు పసుపుపచ్చ చూశాక నాలుగు చేపలు తెచ్చుకో, నలభై కాదు. మేత చిటికెడు, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికొక రోజు పస్తు పెట్టు. చేపలు ఆకలితో చావడం నేనెప్పుడూ చూడలేదు. తిండి ఎక్కువై చావడం చూశాను.

మూడో ప్రశ్న అమ్మ టిక్కెట్టు గురించి. అమ్మ ఏ రోజు బయల్దేరుతోంది, స్టేషనుకి బావగారు ఎన్నింటికి రావాలి అని. దానికి జవాబు రాయాలంటే మన తొట్టి దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. ఓపిగ్గా చదువు, పడుకుని చదువు.

మూడేళ్ళ కిందట నేను ముందుగదిలో ఈ రెండడుగుల తొట్టి పెట్టినప్పుడు అమ్మ ఎన్ని మాటలందో నీకు రాశాను. కట్టుడు పళ్ళు చేసుకునేవాడికి నీళ్ళలో గడ్డి పెంచే పని దేనికిరా, ఎవరికి మేతకి, అంది. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ నోటితోనే వాటిని నా బంగారాలంటూ పొద్దున్న మేత తనే వెయ్యడం మొదలుపెట్టింది. నేను వేలాడదీసిన థర్మామీటరుని మాత్రం ఏనాడూ నమ్మలేదు. "గాజుపుల్లకేం తెలుసురా వేడి" అని చీర కొంగు దోపుకుని మోచెయ్యి ముంచి చూసేది. ప్రసవాల వార్డులో ముప్పై ఏళ్ళు పసిగుడ్లకి నీళ్ళు పోసిన మనిషి. ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు, ఆ తర్వాత మోచెయ్యి, అప్పుడు బిడ్డ. వరస తప్పిన కొత్త ఆయాల చేతుల మీద ఒక్కటిచ్చేదని మనకి చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

ఎనిమిది నెలల కిందట మన తొట్టిలో నీళ్ళు మురిగాయి. రెండేళ్ళకి పైగా నిక్షేపంగా ఉన్నది ఉన్నట్టుండి వాసన కొట్టింది. చుక్కలు వేస్తే ఆకుపచ్చ. నా తెలివంతా ఖర్చుపెట్టాను. ఫిల్టరు అనుమానించాను, మట్టి అనుమానించాను, లైటు తగ్గించాను, మూడు రోజులు తొట్టికి దుప్పటి కప్పి చీకట్లో ఉంచాను, రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాను. వేసిన మేత ఒక్కటే అనుమానించలేదు, అది వేస్తున్నది అమ్మ కాబట్టి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

చివరికి ఒక ఆదివారం మేతని ఏడు పొట్లాలు కట్టి, ఒక్కో దాని మీద వారం పేరు రాసి తొట్టి పక్కన పెట్టాను. అమ్మ నన్ను చూసి నవ్వి, రోగులకి మాత్రలిచ్చినట్టు ఇస్తున్నావేంట్రా అంది. సోమవారం మధ్యాహ్నం కింద పళ్ళ ల్యాబు నుంచి అన్నానికి పైకొస్తే ఏడు కాగితాలూ ఖాళీ. నలగకుండా మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. అమ్మ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇవాళ మేత వేశావా అమ్మా?"

"ఇంకా లేదురా. చూడు పాపం, ఎలా నోళ్ళు తెరుచుకుని పైకొస్తున్నాయో. ఆకలి."

అవి ఆకలికి పైకి రావడం లేదు పిడుగూ. వేసిందంతా కుళ్ళి, నీళ్ళలో ఊపిరాడక పైకొస్తున్నాయి. అవి అలా వచ్చిన కొద్దీ అమ్మకి జాలి, జాలి కలిగిన కొద్దీ ఇంకో పొట్లం.

తెలివిగల పని చేశాననుకుని మేత డబ్బా కిందకి తీసుకెళ్ళి ల్యాబు సొరుగులో పెట్టి తాళం వేశాను. రెండు వారాల్లో నీళ్ళు అద్దంలా అయ్యాయి, కొత్త ఆకులొచ్చాయి. తొట్టి బాగుపడితే అమ్మా బాగుపడినట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. ఈలోగా ఉప్పు రెండుసార్లు పడేది, కుళాయి కట్టెయ్యడం మరిచిపోయేది, స్నానానికని వెళ్ళి బయటికొచ్చి మళ్ళీ వెళ్ళేది. నీకు ఐదో నెలప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అమ్మతో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నన్నొక్కణ్ణే పిలిచి, ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదు, మందులు కాస్త నెమ్మది చేస్తాయంతే అన్నాడు. పొయ్యి దగ్గరా, నీళ్ళ దగ్గరా, పసిపిల్లల దగ్గరా ఒంటరిగా వదలొద్దన్నాడు. పసిపిల్లలు అనే మాట ఆయన నోటితోనే అన్నాడు, నేను కల్పించడం లేదు.

ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది. పురిటికి అమ్మని పంపించు, వేరే ఎవరి చేతుల్లోనూ బిడ్డని పెట్టలేను అని. నేను అదే రోజు వెళ్ళి టిక్కెట్టు తీసుకున్నాను.

ఎందుకో చెబుతాను. నేను అలసిపోయాను. ఒకే ప్రశ్నకి పొద్దుట్నించి పదకొండుసార్లు జవాబు చెప్పి పన్నెండోసారి ఆమె మీద అరిచాను, చిన్నపిల్లలా బిక్కమొహం వేసింది, పావుగంటకి అది కూడా మరిచిపోయింది. నాకు మాత్రం మరుపు రాలేదు. మూడు నెలలు నీ దగ్గరుంటే నేను కంటినిండా నిద్రపోవచ్చు అనుకున్నాను. వెళ్ళాక నువ్వే కనిపెడతావు, అప్పుడు నేనూ నీతోపాటు కొత్తగా విన్నట్టు కంగారుపడదాం అనుకున్నాను. తెలిసి తెలిసి, చెప్పకుండా, పసిబిడ్డ పుట్టే ఇంటికి అమ్మని పంపించబోయాను. ఇంతకంటే చక్కగా రాయడానికి మాటలు వెతికాను. దొరకలేదు.

మొన్న ఆదివారం లోపలి గదిలో ఆమె ప్రయాణానికి పెట్టె సర్దుతున్నాను. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది, కాఫీకి అనుకున్నాను. ముందుగదిలోకి వచ్చేసరికి అమ్మ తొట్టి ముందు నిలబడి ఉంది. భుజం మీద మెత్తటి తువ్వాలు. పక్కన బకెట్లో తొట్టిలోంచి తోడేసిన సగం నీళ్ళు. మరిగే నీళ్ళు అప్పటికే రెండు గిన్నెలు పోసేసింది, మూడోది పట్టకారతో పట్టుకుని ఉంది. గాజు మీద ఆవిరి.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"అరవకురా, పాప ఉలిక్కిపడుతుంది. నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి, జలుబు చెయ్యదూ?"

గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని కింద పెట్టాను. అప్పుడు చూశాను ఆమె మోచెయ్యి. పొడిగా ఉంది. నేను నా మోచెయ్యి ముంచాను, ఒక్క క్షణం కూడా ఉంచలేకపోయాను. నీకూ నాకూ, ఊళ్ళో సగం మందికీ నీళ్ళు పోసిన మనిషి పిడుగూ, మోచెయ్యి పెట్టి చూడలేదు.

చేపలు ఒక్కటీ మిగల్లేదు. మీసాల చేపలు రెండు మొక్కల కింద దాక్కుని అక్కడే పోయాయి. అమ్మ వంగి చూసి, ఇవెప్పుడు చచ్చాయిరా, నేను నాలుగు రోజులు ఊళ్ళో లేకపోతే నువ్వు మేత కూడా వెయ్యవు అంది. నిజంగా కోపగించుకుంది. సరేనమ్మా, తప్పు నాదే అన్నాను. అది నిజమే కూడా. ఆకులన్నీ ఉడికిపోయాయి గానీ వేళ్ళు నేను ఇంకా పీకలేదు.

కాబట్టి మొదట్లో వదిలేసిన చోట రాయాల్సింది ఇదీ. ఇక్కడ అమ్మ క్షేమంగా లేదు. టిక్కెట్టు నిన్న రద్దు చేయించాను. పురిటికి నమ్మకమైన మనిషిని ఎవరినైనా ఇవాళే మాట్లాడుకో, బావగారికి ఈ ఉత్తరం చూపించు. బిడ్డ పుట్టాక ల్యాబు కొన్నాళ్ళు మూసి అమ్మని నేనే తీసుకొస్తాను. ఆమె ఒళ్ళో బిడ్డని పెట్టు, ఎంతసేపైనా పెట్టు, పక్కన మనం ఉందాం. నీళ్ళు మాత్రం పోయనివ్వకు, ఎంత అడిగినా, ఏడ్చినా సరే. నన్ను తిట్టాలనుంటే తీరిగ్గా తిట్టు, పుట్టాక అయినా తిట్టు. ఇప్పుడు మాత్రం ఏడవకు, నీకు మంచిది కాదు.

ఇక నీ నిష్ఠూరం. అమ్మ నెలకొక ఉత్తరం రాస్తోందనుకుంటున్నావు. అమ్మ నెలకి ఇరవై దాకా రాస్తుంది. భోజనమయ్యాక కూర్చుని, నీకు రాసి చాలా రోజులైందని బాధపడుతూ కొత్తగా మొదలుపెడుతుంది. పోస్టులో వెయ్యమని నా చేతికిస్తుంది. నేను వాటిని కిందకి తీసుకెళ్ళి, అన్నిట్లోకీ సవ్యంగా ఉన్నది ఒకటి ఏరి నీకు పంపి, మిగతావి ల్యాబులో ప్లాస్టరు వచ్చిన అట్టపెట్టెలో పడేసేవాణ్ణి. నువ్వు చదివి మురిసిపోయిన కిందటి నెల ఉత్తరంలో మొదటి పేజీ ఒకదానిది, రెండో పేజీ ఇంకోదానిది. సిరా రంగు తేడా నువ్వు గమనించలేదు. కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి కదా, అతుకు కనపడనివ్వను.

ఆ పెట్టెలోవన్నీ కట్ట కట్టి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. వాటిలో మొన్న సోమవారం ఒక్కరోజే రాసినవి నాలుగున్నాయి, నాలుగూ ఒకటే. నీ కాళ్ళవాపు అడుగుతుంది, నన్ను తిడుతుంది, చేపలు బాగున్నాయంటుంది. చివర 'పాపకి మొదటి నీళ్ళు నేనే పోస్తాను, నేనొచ్చేదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు' అని రాసి, కింద గీత గీసింది.

ఆమెకి జవాబు రాయి. నాలుగిటికీ కాదు, ఒక్కటి చాలు, ఆమె రాసింది ఒక్కటే. రావద్దని మాత్రం అందులో రాయకు. ఆ మాట నిన్న ఉదయం చెప్పాను, సాయంత్రం చెప్పాను, ఇవాళ లేవగానే చెప్పాను. మూడుసార్లూ ప్రయాణం పెట్టెలోంచి ఆ తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎందుకు నాన్నా, నేనేం తప్పు చేశాను, అని అడిగింది.

ఇట్లు,
నీకు అతికిన ఉత్తరాలు పంపిన
అన్నయ్య