రెండో ప్రార్థన

నా మంచి వదినకు,

మీ ఉత్తరం గురువారం అందింది. నెలాఖరుకి వచ్చి నాలుగు రోజులుంటానన్నారు, సంతోషం. "అమ్మ చేసినట్టు చేయగలిగేది నువ్వొక్కదానివే, రొయ్యలు చేసిపెట్టు" అని రాశారు. దాని కిందే ఇంకో మాట ఉంది. "చివరి క్షణంలో నువ్వు పక్కనున్నావు, పిలవగానే వెళ్లావు, కన్నకూతురినైన నాకు దక్కనిది నీకు దక్కింది" అని. అత్తయ్య పోయిన ఈ ఏడాదిలో మీరు ఆ మాట అనడం ఇది నాలుగోసారి. మొదటిసారి తల దించుకున్నాను. తర్వాత రెండుసార్లు మాట మార్చాను. ఈసారి కాగితం మీద కనబడేసరికి ఇక దాచి లాభం లేదనిపించింది. ఫోనులో చెబుదామంటే నా గొంతు మీకు ఆనదు. "ఏమే గుసగుసా, దోమతో మాట్లాడుతున్నట్టుంది, కాస్త గట్టిగా ఏడువు" అంటారు. బస్టాండులో ముప్పై ఏళ్లు మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చదివిన మనిషికి లోకమంతా అలాగే మాట్లాడాలి మరి. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు వదినా. అందుకే రాస్తున్నాను.

రొయ్యలు వండటం నాకు నేర్పింది అత్తయ్యే. పెళ్లయిన కొత్తలో నేను చేసినవి నమిలీ నమిలీ మీ తమ్ముడు దవడ పట్టుకుని కూర్చున్నారు. "ఇవి రొయ్యలా, రబ్బరు చెప్పులా?" అన్నారు. అత్తయ్య నవ్వలేదు. నన్ను స్టవ్వు దగ్గరికి తీసుకెళ్లి మొదటినుంచీ చూపించారు. పొట్టు ఒలిచి, వీపు చీల్చి నల్ల నరం లాగెయ్యాలి. పొడిగుడ్డలో ఒత్తి తడి లేకుండా చెయ్యాలి. ఉప్పు, పసుపు, మిరియాల పొడి, అంతే. నూనె బాగా కాలాక పెనం మీద ఒకదానికొకటి తగలకుండా పరచాలి. అక్కణ్ణుంచి గడియారం చూడకూడదు, ప్రార్థన మొదలుపెట్టాలి. మనం రోజూ పొద్దున్నే చెప్పుకునేదే, తొందరపడకుండా ఒకసారి. అది పూర్తయ్యేసరికి అంచులు ఎర్రబడతాయి. తిరగేసి రెండోసారి చెప్పుకోవాలి. అయిపోగానే మంట ఆపెయ్యాలి. "మధ్యలో ఎవరొచ్చినా ఆపకమ్మాయ్. మాట్లాడుతున్న మనిషిని వదిలేసి లేచిపోతే ఆ మనిషికెలా ఉంటుంది? దేవుడికీ అంతే" అన్నారు. ఇరవై ఏడేళ్లు అలాగే చేశాను.

అత్తయ్య పోయిన రోజు పొద్దున్నుంచీ నన్ను పిలుస్తూనే ఉన్నారు. కిటికీ తెరవమని, వెలుతురు కళ్లలో పడుతోంది వేసెయ్యమని, కళ్లజోడు కనబడటం లేదని, మీ ముక్కు మీదే ఉందంటే అయితే తుడిచిపెట్టమని. తప్పు పట్టడం లేదు. మోకాళ్లు లేవనివ్వని మనిషి, ఎవరిని పిలుస్తారు? పిలిచిన ప్రతిసారీ వెళ్లాను, నవ్వుతూనే వెళ్లాను. కానీ లోపల ఏదో ఒక్కో పిలుపుకీ ఒక్కో మెలిక తిరుగుతూ వచ్చింది. మీ తమ్ముడు ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందంటే బాగుచెయ్యడానికి వెళ్లారు. పదకొండున్నరకి రొయ్యలు పెనం మీద వేశాను. మొదటి ప్రార్థన సగంలో ఉండగా అత్తయ్య గదిలోంచి "అమ్మాయ్" అని వినబడింది. ఒక్కసారే. నీరసంగా, చివర కొంచెం సాగుతూ.

నాకు వినబడింది వదినా. "పడి ఎంతసేపైంది?" అని డాక్టరు అడిగితే "ఇప్పుడే, పిలవగానే వెళ్లాను" అన్నాను. మీ తమ్ముడికీ అదే చెప్పాను, మీకూ అదే చెప్పాను. అబద్ధం. నేను ప్రార్థన పూర్తి చేశాను. అక్కడితో ఆగి వెళ్లి ఉంటే దేవుడి పేరు చెప్పుకుని తప్పించుకునేదాన్నేమో. వెళ్లలేదు. అట్లకాడ తీసుకుని రొయ్యల్ని ఒక్కొక్కటే తిరగేశాను. రెండో ప్రార్థన మొదలుపెట్టాను. అది భక్తి కాదు. "ఉండనీ కాసేపు" అనుకున్నాను. ఆ మాట పెదవుల మీదికి రాలేదు కానీ ప్రార్థన అడుగున నడుస్తూనే ఉంది. అది కూడా పూర్తిచేసి, మంట ఆపి, చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ వెళ్లాను. అత్తయ్య మంచం పక్కన నేల మీద పడి ఉన్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. గుమ్మం వైపు చూస్తున్నాయి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆసుపత్రిలో ఆవిడకి మళ్లీ మాట రాలేదు, సాయంత్రానికి పోయారు. అంతకుముందు ఆవిడ బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్లాను. పెనంలో రొయ్యలు చల్లారిపోయి ఉన్నాయి. నిలబడే రెండు తిన్నాను. చాలా చక్కగా కుదిరాయి.

అప్పటినుంచి ఇంట్లో రొయ్యలు వండలేదు. అయినా ఏదో ఒకటి వేసి పెనం చుయ్‌మన్నప్పుడల్లా ఆ చప్పుడు అడుగున పిలుపు వినబడుతుంది. వెళ్లి చూస్తాను. మంచం మీద దుప్పటి మడతపెట్టే ఉంటుంది. నేను వెళ్లేలోపే ఎవరో లేచి వెళ్లినట్టు గదిలో గాలి కదులుతూ ఉంటుంది. దేవుణ్ణి అడిగితే ఆయనేమీ చెప్పడం లేదు. నేను ఆయనతో మాట్లాడుతూనే కదా ఆవిణ్ణి వదిలేశాను, ఏం చెబుతాడు?

రావడం, రాకపోవడం మీ ఇష్టం. వస్తే మాత్రం రొయ్యలు చెయ్యమనకండి. నన్ను ఎగతాళి చేసే మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే ఉన్నారు. మీరు కూడా దూరమైపోతారనే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు.

మీ
గుసగుస

*

వదినా,

మీరు వెళ్లి మూడు రోజులైంది. మీరు వస్తారనే అనుకోలేదు. అరకిలో రొయ్యలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడతారని అసలే అనుకోలేదు. నా ఉత్తరం గురించి ఒక్క మాట ఎత్తలేదు మీరు. చాప వేసుకుని కూర్చుని, పొట్టు ఒలుస్తూ, మీ పక్కింటావిడ కోడలి గురించి చెప్పి మీలో మీరే నవ్వుకున్నారు. నా చేతుల్లోంచి రెండు రొయ్యలు జారి కింద పడ్డాయి. "పట్టుకోవే, ఇంకా ఈదుతాయేమో" అన్నారు. తర్వాత ఉన్నట్టుండి అన్నారు కదా, "మరదలా, నువ్వు వండు. నేను అమ్మ గదిలో కూర్చుని పిలుస్తాను. వినబడితే రా. వినబడకపోతే ఆ రోజు కూడా వినబడలేదనే అనుకుందాం" అని.

"వద్దు వదినా" అన్నాను.

"నోరు మూసుకుని వండు" అన్నారు. మళ్లీ మీరే, "నీకు నోరు మూసుకోమని చెప్పడమేంటి నా మొహం, తెరిచిందెప్పుడు?" అన్నారు.

మీరు గదిలో ఉన్నారు కాబట్టి వంటింట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. అదే పెనం. పైన అదే ఫ్యాను తిరుగుతోంది. రొయ్యలు వెయ్యగానే నూనె చిట్లి మణికట్టు మీద పడింది, కదల్లేదు. ప్రార్థన మొదలుపెట్టాను. ఏడాదిగా ఏ పంక్తి దగ్గర నా నాలుక మడత పడుతోందో సరిగ్గా ఆ పంక్తి దగ్గరికి వచ్చాను. "అమ్మాయ్" అని వినబడింది. నీరసంగా, చివర సాగుతూ. మీ గొంతు కాదు, ఆవిడ గొంతు. ప్రార్థన నోట్లోనే తెగిపోయింది. జీవితంలో మొదటిసారి దాన్ని అలా సగంలో పారేసి, అట్లకాడతో సహా పరిగెత్తాను.

మీరు మంచం మీద కాళ్లు చాపుకుని పేపరు చదువుకుంటున్నారు. "ఏమైందే? నేనింకా పిలవందే!" అన్నారు.

"పిలిచారు."

"పిచ్చిమొద్దూ! నీ ప్రార్థన కుదురుకున్నాక పిలుద్దామని కూర్చున్నాను. నోరే తెరవలేదు."

మీరు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చూశావా? ఇవాళ ఎవరూ పిలవకుండానే నీకు వినబడింది. ఆ రోజూ అంతే అయ్యుంటుంది. అమ్మ పోయాక పుట్టిన పిలుపు అది. నువ్వే దాన్ని వెనక్కి తీసుకెళ్లి ఆ రోజులో పెట్టుకున్నావు. మా తమ్ముడికి ఇవేమీ చెప్పకు, వాడు తట్టుకోలేడు" అన్నారు. ఈలోగా రొయ్యలు మాడాయి. వాటినే తిన్నాం. "ఫరవాలేదు, చెప్పులకంటే కాస్త మెత్తగానే ఉన్నాయి" అని మీరే ఎక్కువ తిన్నారు.

నోరు లేని పిలుపు ఇంట్లో తిరుగుతోందంటే ముందు భయం వేసింది. తర్వాత ఆలోచిస్తే, అత్తయ్య కళ్లు ఆ గుమ్మం వైపు చూసిందీ నాకోసం కాకపోవచ్చు కదా అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టింది వదినా. పొద్దున లేచి దేవుడికి దండం పెట్టుకుని, మీ పేరు చెప్పుకున్నాను.

మీ
గుసగుస

*

ప్రేమగల వదినకు,

ఈ ఉత్తరం రాయకూడదని రెండు రోజులు ఆగాను.

మా గోడ అవతల బట్టలు కుట్టే ఆవిడ ఉంది. అత్తయ్యకి జాకెట్లు కుట్టింది ఆవిడే. మొన్న బోర్డరు దారం రంగు కలుస్తుందో లేదో చూడమని నన్ను పిలిచింది. చూస్తూ ఉంటే, "ఏమండీ, అడగనా వద్దా అనుకుంటున్నాను. పోయిన వారం మీ ఇంట్లో పిలిచిందెవరు?" అంది.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నానికి ముందు. మీ ఇంట్లోంచి రొయ్యల వాసన కమ్మగా వస్తోంది, నేను మిషను ఆపి సూదిలో దారం ఎక్కిస్తున్నాను. 'అమ్మాయ్' అని వినబడింది. నాకు చెయ్యి ఆగిపోయింది. అచ్చం మీ అత్తగారే! ఆవిడ పోయిన రోజు నేను ఊళ్లో లేను కదా, ఆవిడ లేరంటే నాకింకా నమ్మకం కుదరదు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. మీరు పొయ్యి వదిలేసి వెళ్లారనుకున్నాను."

"మా వదినగారు వచ్చారు" అన్నాను.

"అదీ సంగతి! తల్లి గొంతే వచ్చింది ఆవిడకి. నేను అనవసరంగా దేవుడి గదిలో దీపం వెలిగించుకున్నాను" అని నవ్వేసింది.

ముందు వాసన, తర్వాత పిలుపు, ఆ తర్వాత మాడు వాసన. ఆవిడకి నేనేమీ చెప్పలేదు, ఆవిడే ఆ వరసలో చెప్పింది. మీరు పిలిచారు వదినా. మైకు గొంతుని అంత కిందికి దించి, మీ అమ్మ గొంతు చేసుకుని పిలిచారు. నాకు వినబడింది. అంటే ఆ గదిలోంచి ఎంత నీరసంగా పిలిచినా వంటింట్లోకి వినబడుతుంది. ఆ రోజూ వినబడింది. నాకంటే ముందు ఆ సంగతి తెలిసింది మీకే, నా కాళ్ల చప్పుడు మొదలవగానే. వంటింటి నుంచి ఆ గదికి పదకొండు అడుగులు. నేను ఆ పదకొండు అడుగులు వేసేలోపు మీరు మీ అమ్మని, నన్ను ఇద్దరినీ తూచి చూసుకుని, పేపరు చేతిలోకి తీసుకున్నారు. నేనైతే అంత తొందరగా ఎవరినీ క్షమించలేను. ఆ పేపరు చాటున మీ మొహం ఎలా ఉందోనని ఈ రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

మీ మీద కోపం లేదు. మీ అబద్ధం నాకు తొమ్మిది రాత్రుల నిద్ర ఇచ్చింది. కానీ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకుంటున్నది దేనికో తెలిశాక, ఇంకా ఎలా చెప్పుకోను? అత్తయ్య పిలిచారు. ఆ పిలుపు నా చెవిలో పుట్టిందని నేను ఒప్పుకుంటే ఆవిడ ఆఖరి మాటని కూడా ఆవిడ దగ్గర్నుంచి లాక్కున్నట్టే. ఆవిడ ఈ లోకంలో అన్న చివరి మాట "అమ్మాయ్" అని, అది నన్నేనని, ఎవరో ఒకరు చెప్పాలి కదా. విన్నది నేనొక్కదాన్నే.

అందుకని ఈ సాయంత్రం మీ తమ్ముడికి చెప్పబోతున్నాను. రొయ్యలు తిరగేసిన సంగతి, రెండో ప్రార్థన, అన్నీ. ఆయన నన్నేమంటారో తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లలో నన్ను ఒక్క గట్టి మాట అనలేదు, ఇప్పుడంటే పడతాను. ముందైతే నమ్మరు. మీకు ఫోను చేస్తారు. "అక్కా, ఇదేదో అంటోంది, నువ్వు పరీక్ష కూడా పెట్టి చూశావట కదా, పిలవనే లేదట కదా, ఆ ముక్కేదో దీనికి చెప్పు" అని బతిమాలతారు. ఆ గొంతు వింటే మీకు జాలేస్తుంది, ఆయన మీదా, నా మీదా. అయినా సరే, పిలిచాననే చెప్పండి.

మీ
గుసగుస