అమ్మ వాచీకి కీ ఇచ్చాను

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనూ నాన్నే కదా. ఇద్దరం క్షేమంగానే ఉన్నాం. ఓడ మీద నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తాను. నాన్న వేళకి తింటున్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని నన్ను తిడుతున్నాడు కూడా, కాబట్టి బెంగ పెట్టుకోకు. అమ్మ పనిచేసిన ఆసుపత్రి నుంచి నర్సులందరూ వచ్చి చాలాసేపు ఏడ్చి వెళ్ళారు. వాళ్ళకి టీ పెట్టి ఇచ్చింది నేనే. నేను ఏడ్చానా అని అడిగావు. లేదు. పిన్ని గుమ్మంలో నిలబడి "దీని గుండె రాయి బావా" అని నాన్నతో అంది. నాకు వినపడేలాగే అంది. కోపం రావాలి కదా, అదీ రాలేదు. ఒకే పక్కకి పడుకుంటే చెయ్యి మొద్దుబారిపోతుంది చూడు, గిల్లినా మనది కాదన్నట్టుంటుంది. మనిషినంతా అలాగే ఉన్నాను. పొద్దున కొట్టు తెరుస్తున్నాను, వాచీలు బాగుచేస్తున్నాను, సాయంత్రం షట్టరు దించుతున్నాను. పనిలో ఒక్క తప్పూ రావట్లేదు. సంగతి ఇంకా చేతులకి తెలియలేదేమో.

ఇక నువ్వు మరీ మరీ అడిగిన అమ్మ వాచీ. నీ మొదటి ఓడ జపాను రేవులో ఆగినప్పుడు నువ్వు కొని తెచ్చినది. అది ఆగిపోయిందని నాన్న నీకు కార్డులో రాశాడట. "ఆగిన చోటే ఉండనివ్వు, ముళ్ళు కదపొద్దు, వచ్చి చూసుకుంటాను" అని రాశావు. ఆ సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టు. కొన్నది నువ్వే గానీ నువ్వు చూసింది పైపైనే. అసలు అదేమిటో ముందు చెప్పనీ.

మొన్న దాన్ని పూర్తిగా విప్పాను. గుండె బాదుకోకు, విప్పినవి బిగించడం నాకొచ్చు. మామూలు వాచీ ముళ్ళు అద్దం కింద పెడితే అంచులు ఎలక కొరికినట్టుంటాయి. వీటికి ఒక్క గరుకు లేదు. వాచీ కేసు పక్కకి బల్బు దగ్గరగా పెడితే, బల్బు లోపలి తీగ అందులో నిటారుగా కనిపించింది, ఎక్కడా వంకర పోలేదు. లోహాన్ని అంత చదునుగా మెరుగుపెట్టాలంటే ఊపిరి కూడా చూసి పీల్చుకోవాలి. వెనక మూత తీస్తే, చక్రాలని పట్టి ఉంచే పలకల అంచులన్నీ ఏటవాలుగా చెక్కి ఉన్నాయి. స్క్రూ తలలు చిన్న చిన్న అద్దాలే. వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగు ముడుచుకుని, విచ్చుకుని, మళ్ళీ ముడుచుకుంటోంది. డయలు కూడా ఊడదీశాను. దాని కింద, జన్మలో ఎవరూ చూడని వైపు కూడా అదే నునుపు. అక్కడ వదిలేస్తే అడిగేవాడెవడు? వాచీ తప్పు నడుస్తుందా? తప్పేమీ నడవదు. అయినా అంత దూరంలో ఎవరో నాలాగే కంట్లో అద్దం ఇరికించుకుని, మెడ పట్టేసేదాకా వంగి, అక్కడా అంత శ్రద్ధగానూ చేశారు. ఇది గొప్ప పని అని నాకు తెలిసింది. మనసుకి అనిపించడమే లేదు. కానీ మూత పెట్టబుద్ధి కాలేదు, టీ చల్లారిపోయినా చూస్తూనే కూర్చున్నాను.

ఇంత మంచి వాచీ అమ్మ చేతికెక్కితే మాత్రం తప్పు టైము చూపించేది. నాకు ఒళ్ళు మండేది. వాచీలు బాగుచేసేదాని తల్లి చేతికి తిక్క వాచీ ఉంటే జనం నవ్విపోరూ? అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడల్లా సరిచేసి పెట్టేదాన్ని. సాయంత్రానికి మళ్ళీ గంటల తేడా. "దాన్ని కెలకొద్దమ్మా" అంటే, "నాడి చూడ్డానికి సెకన్ల ముల్లు చాలు, టైముకి గోడ గడియారం ఉందిలేవే కందిరీగా" అనేది.

ఇప్పుడు చెప్తాను. తను పోయిన రోజు పొద్దున కూడా అమ్మ దానికి కీ ఇచ్చింది. ఆ కీతోనే అది మర్నాడు కూడా నడిచి, నాన్న జేబులో ఆగిపోయింది. తర్వాత నాన్న తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆగిన వాచీ బల్ల మీదికొస్తే నా చేతులేం చేస్తాయి? కీ ఇచ్చాయి. గోడ గడియారం చూసి ముళ్ళు తిప్పాయి. అంతా అయ్యాక గానీ అది ఎవరి వాచీయో నా బుర్రకెక్కలేదు.

నాన్న చూసి, "అయ్యో తల్లీ, వాడి టైము చెరిపేశావా!" అన్నాడు.

"వాడి టైమేంటి నాన్నా?"

"వాడు ఉత్తరం పైన రాస్తాడుగా, ఇక్కడ ఇంత, మీకు ఇంత అని. ఉత్తరం రాగానే మీ అమ్మ వాచీ అలా తిప్పుకునేది. నీకు తెలీదా?"

తెలీదన్నయ్యా. ఆ టైములు రాసి దొరబాబులా గొప్పలు పోతున్నావనుకునేదాన్ని. ఉత్తరం ఇక్కడికి చేరేసరికి నీ ఓడ ఇంకో సముద్రంలో ఉండేది. అమ్మకి ఆ మాత్రం తెలియదా? అయినా తిప్పుకునేది. నేను సరిచేసేదాన్ని. మళ్ళీ తిప్పుకునేది. నేను నవ్వుతాననేమో, ఎందుకు తిప్పుతోందో ఒక్కసారీ చెప్పలేదు.

నీ ఉత్తరం చదివాక ఒక దుర్బుద్ధి పుట్టింది. ముళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టి, కీ దించేసి, ఇదిగో అమ్మ వాచీ ఆగిన చోటని నీ చేతిలో పెట్టొచ్చు. నీకు చచ్చినా తెలియదు. మొన్న విప్పింది అందుకే. తీరా డయలు కింద ఆ నునుపు చూశాక నాకు చెయ్యి రాలేదు. ముళ్ళు ఎక్కడ ఆగాయో నేను చూడలేదు. నాన్నా చూడలేదట. అది పోయింది, నా వల్లే పోయింది. నన్ను తిట్టు, ఎంత తిట్టినా పడతాను.

అన్నీ బిగించేశాక, పోనీ నీ టైమైనా పెడదామని నీ ఉత్తరం మళ్ళీ తీశాను. పైన తేదీ ఉంది. టైము లేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఇంకెవరికోసం రాయాలి అనుకున్నావు కాబోలు. ఆ ఖాళీ చూసేసరికి కళ్ళు చురుక్కుమన్నాయి. ఏడుపు కాదులే, మొద్దుబారిన చెయ్యి తెలివికొచ్చేటప్పుడు పొడుస్తుందే, అలాంటిది.

కీ తిప్పే బొడిపె పైకి లాగి వాచీని ఆపి పెట్టాను. ఇక్కడ ఇప్పుడు సాయంత్రం అయిదుంబావు. నీకెంతో రాయి. నువ్వు రాసేదాకా ముళ్ళు ముట్టుకోను.

ఇట్లు,
నీ చెల్లెలు,
కందిరీగ