జిగురుకు చలి తగలకూడదు

కయానీ, అక్టోబరు 9

గౌరవనీయులైన తౌనో అన్నయ్యకు ఓస్మో నమస్కరించి వ్రాయునది.

నేను మారిన అపార్టుమెంటులో చెక్కముక్క కోసుకునే చోటైనా లేదు. అందుచేత నా బొమ్మ ఇంటి సామగ్రిని బస్సులో పంపుతున్నాను: రెండు డబ్బాల జిగురు, పదకొండు సీసాల రంగులు, పలుచని చెక్క రేకులు. వసంతం దాకా మన పాత ధాన్యపు కొట్టులో ఉంచవలెను. మనం పుట్టిన ఇంటినే మూరెడు ఎత్తున నిర్మించదలచాను.

విధేయుడు,
ఓస్మో

తా.క.: నలభై ఎనిమిదో ఏట రాత్రి బడిలో పట్టా పుచ్చుకున్నాక చేపట్టిన తొలి కార్యమిది. నవ్వవద్దు.

అక్టోబరు 20

ఒరే ఓస్మో,

పెట్టె చేరింది. కొట్టులో పెట్టి పైన చేపల వల కప్పాను. నేను నవ్వలేదు. పోస్టు తెచ్చే హిల్కా నవ్వింది.

మీ అన్న తౌనో

తా.క.: నేను ఈమధ్య పెరట్లో ఆవిరిస్నానాల గదిలో, అదే మన సౌనాలోనే పడుకుంటున్నా. వెచ్చగా ఉంటుంది.

కయానీ, నవంబరు 12

అన్నయ్యకు నమస్కారములు.

ఘోరమైన పొరపాటు జరిగింది. డబ్బా మీది సూచనలు నేడే చదివాను. జిగురు ఒక్కసారి గడ్డకడితే విరిగిన పాలే, రంగులూ అంతే. ఐదు డిగ్రీలకు తగ్గరాదు. తక్షణం పెట్టెను సౌనాలోకి మార్చండి. అయితే తేమ తగిలితే చెక్క రేకులు వంకరపోతాయి గనుక అక్కడ నీళ్లు చల్లి ఆవిరి పుట్టించడం, తడి బట్టలు ఆరేయడం, రాత్రంతా ఊపిరి వదలడం నిషిద్ధం. ఉష్ణమాపకం పంపుతున్నాను. డిగ్రీలు వ్రాసి పంపవలెను.

విధేయుడు,
ఓస్మో

తా.క.: అంత ఇల్లు పెట్టుకొని సౌనాలో పడక ఏమిటి, చిన్నపిల్లల సరదా కాకపోతే!

డిసెంబరు 18

ఒరే,

మార్చాను. జిగురు దగ్గర ఎనిమిది డిగ్రీలు. ఊపిరి సంగతీ చూసుకున్నా. కట్టెలు ఒక్క గదికే సరిపోతున్నాయి.

"లోపల పసిబిడ్డేమైనా ఉందా తౌనో, అంత భద్రం?" అంది హిల్కా.

"మా తమ్ముడి జిగురమ్మా."

"ఆ జిగురేదో ముందు వాడి బుర్రకి పూయాల్సింది!"

నేను కాదనలేదు.

మీ అన్న

తా.క.: బయట సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద. కొట్టులో అమ్మ కుట్టిన గొర్రెతోలు దుప్పటి దొరికింది. కుట్టు గట్టిది.

కయానీ, జనవరి 15

అన్నయ్యకు నమస్కారములు.

మీ క్రమశిక్షణకు సంతోషించాను. ఇప్పుడు బొమ్మ ఇంటి పటంలో, మన ఇల్లంతా వెచ్చబరిచే పెద్ద పొయ్యి గీస్తున్నాను. దానికి ఇటుకలు ఎన్ని వరుసలు? ఏ రంగు? రోజూ దాని ముందే కూర్చుంటారు గదా, లెక్కపెట్టి వ్రాయండి.

విధేయుడు,
ఓస్మో

తా.క.: నెల రోజులుగా డిగ్రీలు అందలేదు. బాధ్యత అంటే బాధ్యతే.

ఆసుపత్రి, ఫిబ్రవరి 3

ఒరే ఓస్మో,

పద్నాలుగు వరుసలు. తెల్ల సున్నం. సెప్టెంబరులోనే నిలువునా చీలింది. అంటిస్తే పొగంతా ఇంట్లోకే. అందుకని సౌనాకి మారాను. నీ జిగురుకి నా ఊపిరి తగలకూడదన్నావు, అందుకని కొట్టులోకి మారాను. మొన్న సోమవారం హిల్కా నన్ను దుప్పటితో సహా బండెక్కించింది. చలికి గడ్డకట్టిన ఎడమకాలి వేళ్లు మూడు తీసేశారు.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు జిగురు గురించి అడిగావు, జిగురు గురించి రాశాను.

మీ అన్న తౌనో

తా.క.: కంగారుపడకు, సౌనాలో హిల్కా మంట వేస్తోంది. నిన్నటికి ఏడు డిగ్రీలు. బొమ్మ పొయ్యికి మాత్రం చీలిక పెట్టకు. అదైనా మండనీ.