బీరువాకు అటు పక్క

నాంపల్లి,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రత్నక్కకు, ఆశీర్వాదం బావకు,

తమ్ముడు కరుణాకర్ ప్రభువు పేరిట చేతులు జోడించి చెప్పే వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరిద్దరూ, హాస్టల్లో ఉన్న మేనల్లుడు మనోజ్ కూడా బాగున్నారని తలుస్తాను. బావకు మందులు వేళకు అందుతున్నాయా? వీపు మీది పుండు పూర్తిగా మానిందా? రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరమేమిటని నవ్వకక్కా. ఫోన్ ఎప్పుడూ బావ దిండు పక్కన స్పీకర్లో ఉంటుంది. మీరు బాగున్నారా అంటే బాగున్నాం, నువ్వు బాగున్నావా అంటే బాగున్నాను, అంతటితో మాటలు అయిపోతాయి. ఇవాళ వాన పడుతోంది, బయటికి పోయే పనీ లేదు, తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

స్టేషన్ వెనక నా గది ఎప్పటిలాగే ఉంది. ఒక మూల కారుతుంది, అక్కడ బకెట్ పెట్టాను. రైళ్ల అనౌన్స్‌మెంట్లు పొద్దంతా వినిపిస్తూనే ఉంటాయి. గదిలో వినబడే మనిషి గొంతు అదొక్కటే, అది కూడా ఎవరినో ఎక్కడికో బయలుదేరమనే గొంతు. మెస్సులో అన్నం పరవాలేదు. పప్పులో మాత్రం పులుపు ఉండదు. నువ్వు పెట్టే చింతకాయ తొక్కు ఒక చిన్న సీసాడు ఎవరి చేతనైనా పంపితే నెలరోజులు దాచుకుని తింటాను.

అబిడ్స్‌లో కళ్లద్దాల షాపు పని బాగా చేతికొచ్చింది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం నా వంతు. లోపల గదిలో మిషన్ ముందు ఒక్కడినే ఉంటాను. కౌంటర్ వాళ్లు కిటికీలోంచి చీటీ, ఫ్రేమూ అందిస్తారు, నేను పని పూర్తిచేసి తిరిగి అదే కిటికీలో పెడతాను. కొత్త అద్దాలు పెట్టుకుని అబ్బా ఎంత బాగా కనిపిస్తోందో అనే మాటలు గోడ అవతల వినిపిస్తాయి. ఓనరు మంచివాడే. నా గురించి ఏం ఫికరు పెట్టుకోవద్దు.

ఇక బావకు ఇష్టమైన సంగతికి వస్తాను, మా జిమ్ముకు. టైర్ల దుకాణం మీద మొదటి అంతస్తు. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన, చెమట వాసన కలిసి ఎదురొస్తాయి. షాపు తెరవకముందు పొద్దున్నే పోతాను. కండలు పెంచుదామని చేరలేదు, నలుగురున్న చోట కాసేపు ఉందామని చేరాను. చేరాక తెలిసింది, అక్కడ ఉన్నవాళ్లెవరూ ఇవాళ ఎత్తినంత మాత్రమే ఎత్తగలిగినవాళ్లు కారు. నిన్న ఇంతకన్నా ఎక్కువ ఎత్తారు. పెళ్లికి ముందైతే దీనికి రెట్టింపు. అది చూసినవాళ్లెవరని అడిగితే ఒకడు దుబాయి పోయాడు, ఇంకొకడు జిమ్ మానేశాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయనకు మణికట్టు నొప్పి ఉంది, ప్లేట్లు పెంచుదామన్నప్పుడల్లా అది గుర్తుకొస్తుంది. కొన్ని పాత ప్లేట్ల మీద పౌండ్లలో రాసి ఉంటే మావాళ్లు వాటిని కిలోలుగానే చదువుతారు. కోచ్‌కు తెలుసు, నోరు మెదపడు.

మన బావ బీరువా కథ అక్కడ చెబితే అందరూ లేచి చోటిస్తారు. అదే, క్రిస్మస్‌కు ముందు చర్చికి సున్నం వేస్తున్నప్పుడు ఇనుప బీరువాను బావ ఒక్కడే ఎత్తి వరండాలో పెట్టిన కథ. మొదట చెప్పినప్పుడు అది ఖాళీ బీరువా. తర్వాత అందులోకి పాటల పుస్తకాలు చేరాయి. మొన్న ఫోన్లో చెప్పినప్పుడు కానుకల పెట్టె కూడా లోపలే ఉంది. ఆ బీరువాకు అటు పక్క పట్టుకున్నది నేనేనని ఇన్నేళ్లలో ఎక్కడా అనలేదు. ఇక ముందూ అనను, బావను నిశ్చింతగా ఉండమను.

ఈ జిమ్ములోనే నాకొక మనిషి దొరికారు. పేరు నర్సింగరావు గారు. యాభై దాటినాయన. ఇల్లు గౌలిగూడలో, సుల్తాన్ బజార్‌లో జాకెట్టు గుడ్డల దుకాణం, తాతల నాటిది. ఒకరోజు ఆయన బెంచి మీద పడుకుని, రాడ్డు పట్టుకుని, నా వైపు చూసి జర సపోర్టు ఇయ్యి తమ్మీ అన్నారు. సపోర్టు అంటే ఏమిటో బావకు చెప్పాలి. పడుకున్నవాడు రాడ్డును ఛాతీ మీదికి దించి మళ్లీ పైకి తోస్తాడు. తలాపున నిలబడ్డవాడు రాడ్డు కింద చేతులు పెట్టి ఉండాలి. బరువు మధ్యలో ఆగిపోతే పైకి లాగాలి. లాగుతూనే "మొత్తం నీదే అన్నా, నేను ముట్టుకుంటలేను" అనాలి. చేతులు ఎంత లాగినా నోరు ఆ మాటే చెప్పాలి. అదక్కడి మర్యాద.

నాకది తెలియదు. ఆయన రాడ్డు సగంలో ఆగితే గట్టిగా లాగి పైన పెట్టి, బరువు ఎక్కువైంది సార్, సగం నేనే లాగాను అని చెప్పాను. జిమ్ జిమ్మంతా తిరిగి నన్ను చూసింది, చావింట్లో పెళ్లిపాట అందుకున్నవాణ్ణి చూసినట్టు. ఆయన మాత్రం కోప్పడలేదు. తువ్వాలు భుజాన వేసుకుని నన్ను ఇరానీ హోటల్‌కు తీసుకుపోయి, చాయ్ తాగిస్తూ ఆ మర్యాద నేర్పారు. మర్నాటి నుంచి నేనూ అందరిలాగే మొత్తం మీదే సార్ అనడం మొదలుపెట్టాను. ఆయన లేచి కూర్చుని, చూసిన్రా అన్నట్టు చుట్టూ చూసేవారు. తర్వాత చాయ్ దగ్గర, తిన్నవా అని అడిగేవారు. అక్కా, ఈ ఊరొచ్చాక తిన్నావా అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే.

కొన్నాళ్లకు నన్నూ బెంచి మీద పడుకోబెట్టి, ఆయన తలాపున నిలబడ్డారు. వారం వారం ప్లేట్లు పెరిగాయి. ఎనభై కిలోలు ఎత్తుతున్నానని నేను ఫోన్లో గొప్పగా చెప్పింది అప్పుడే. బావ శభాష్ అన్నాడు. ఆ రోజు రోడ్డు మీద కూడా ఛాతీ విరుచుకుని నడిచాను.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. పెళ్లిళ్ల బేరాలతో సుల్తాన్ బజార్‌లో కాలు పెట్టే చోటు లేదు. నర్సింగరావు గారు జిమ్ముకు రావడం ఆగిపోయింది. సరే, నా ఎనభై నాకుంది కదా అని ఒకరోజు ఎవరినీ పిలవకుండా పడుకుని రాడ్డు దించాను. దిగడం దిగింది. మళ్లీ లేవలేదు. ఛాతీ మీద కూర్చుంది. అరుద్దామంటే ఊపిరి లేదు. ఆ బ్యాంకాయనే మణికట్టు నొప్పి మరిచిపోయి పరుగెత్తుకొచ్చి, ఇంకొకరితో కలిసి తీశాడు. బావకు చెప్పు, నా ఎనభైలో ఎక్కువ భాగం నర్సింగరావు గారిది. బావ కడుపారా నవ్వాలి, అందుకే దాచకుండా రాస్తున్నాను.

ఆ సాయంత్రం షాపు నుంచి త్వరగా బయటపడి ఆయన దుకాణానికి పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. దెబ్బలాడటానికైతే కాదు. గుడ్డల మధ్య నుంచి నన్ను చూసి, స్టూలు వేయించి, చాయ్ తెప్పించారు. జరిగింది చెప్పి, రోజూ ఎంత లాగారు సార్, సగమా, ఇంకా ఎక్కువా అని అడిగాను. ఆయన మీటరు బద్ద పక్కన పెట్టారు.

"ఎంత లాగిన్నో నేను లెక్క వెట్టలే తమ్మీ. నువ్వు కింద ఉన్నవ్, నేను పైన ఉన్న. ఆగింది, పట్టుకున్న. గంతే గదా. ఒక్కనివే ఎందుకు పండుకున్నవ్?"

చాయ్ తాగేసి గదికొచ్చాను.

అక్కా, బావకు ఇక్కడిదాకా చదివి, అయిపోయిందని చెప్పి కాగితం మడిచిపెట్టు. మిగతాది వంటింట్లో ఒక్కదానివే చదువుకో.

పోయిన వారం మన చర్చి పాస్టరు అయ్యగారి భార్య, అమ్మగారు, కళ్లద్దాలకు మా షాపుకొచ్చారు. నన్ను బయటికి పిలిపించి మాట్లాడారు. బావను పొద్దున లేపి కుర్చీలో కూర్చోబెట్టడానికి సంఘంలోంచి డేవిడ్‌ను పంపుతామంటే నువ్వు వద్దన్నావట. ఆయన దూదిలాగా తేలికయ్యాడు, నేనొక్కదాన్నే లేపుతున్నాను అన్నావట. ఆ మాట చెప్పి ఆమె ఇంకోటి కూడా చెప్పారు. ఆరాధనలో పాటకు లేచేటప్పుడు నువ్వు ముందు బెంచి పట్టుకుని లేస్తున్నావు. కూర్చునేటప్పుడు కళ్లు మూసుకుంటున్నావు. అందరూ ప్రార్థన అనుకుంటున్నారట.

ఆ రాత్రి ఫోన్ చేశాను, గుర్తుందా? మధ్యలో ఆగు కరుణా, బావను జర కూసోబెడ్త అని ఫోన్ మంచం మీదే వదిలేశావు. నేను చెవి పెట్టి విన్నాను. నువ్వు ఊపిరి బిగబట్టావు. తర్వాత గొంతులోంచి ఒక చిన్న మూలుగు. అది నాకు తెలిసిన చప్పుడక్కా. బరువు మధ్యలో ఆగిపోయే ముందు మనిషి అదే చప్పుడు చేస్తాడు, నేను రోజూ తలాపున నిలబడి వింటున్నాను. ఆ చప్పుడు వినగానే చేతులు వాటంతటవే రాడ్డు కిందికి పోతాయి. ఆ రోజు కూడా పోయాయి. గదిలో ఏముంది పట్టుకోవడానికి?

నువ్వు మళ్లీ ఫోన్ తీసి ఏం లేదన్నావు. పక్క నుంచి బావ, నేనే లేస్త తమ్మీ, మీ అక్క ఉత్తగ చెయ్యి వెడ్తది అన్నాడు. ఆయన తనే లేస్తున్నానంటాడు, నువ్వు ఆయన తేలికంటావు. మీ ఇద్దరి లెక్కల్లో నీ నడుము ఎక్కడా లేదు. ఎందుకలా అంటున్నావో నాకు తెలుసు. మంచాన పడకముందు డీసీఎం వ్యాను నడిపి, బస్తాలు మోసి, ఊరందరి బీరువాలు ఎత్తిన మనిషిని డేవిడ్ లాంటి పిల్లవాడు వచ్చి లేపితే బావ మనసు చిన్నబోతుంది. అది నిజమే. కానీ నీ నడుము పడిపోతే ఆ మనిషిని ఎవరు లేపుతారక్కా, నిన్నెవరు లేపుతారు?

నీ సంగతి ఒక్కటే చెప్పడం న్యాయం కాదు కాబట్టి నాదీ చెబుతాను. బాగానే ఉన్నానని మొదట్లో రాశాను, అదీ జిమ్ లెక్కే. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చేతులు కలిపి, ఏ ఊరు బ్రదర్ అని అడిగి, వాళ్ల వాళ్ల ఇళ్లకు వెళ్లిపోతారు. నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి, ఏదీ కొనకుండా గదికొస్తాను. మీతో ఫోన్లో ఆ రెండు మాటలు తప్ప, సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినబడదు. కొన్నిసార్లు అవసరం లేకపోయినా కిందికి దిగి దుకాణంలో అగ్గిపెట్టె అడుగుతాను. సంచిలో చాలా అగ్గిపెట్టెలున్నాయి. ఒంటరిగా ఉంది అక్కా. నీకున్న కష్టాల మీద ఇదెందుకని దాచాను. నువ్వూ నాకు అలాగే దాచావు.

శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. ఓనరు సోమవారం కూడా సెలవిచ్చాడు. ఇకనుంచి నెలకొకసారైనా వస్తాను. నర్సింగరావు గారికి నీ సంగతి చెప్పాను. బరువులు ఎత్తేటప్పుడు నడుముకు బిగించే తన బెల్టు తీసి, మీ అక్కకియ్యి అన్నారు. కానీ బెల్టు ఉందని నువ్వు ఒక్కదానివే మళ్లీ మొదలుపెట్టొద్దు. నేను వచ్చేదాకా డేవిడ్‌ను పంపమని అమ్మగారికి ఫోన్ చేశాను. నీ మీద కోపంతో కాదు, భయంతో చేశాను. డేవిడ్‌తో కూడా మాట్లాడాను. బావ చంకల కింద చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పాను. పెట్టాక నోటితో ఏమనాలో కూడా నేర్పాను. మొత్తం నీదే అన్నా, నేను ముట్టుకుంటలేను అనాలి. రెండుసార్లు అనిపించి విన్నాను, బాగానే అన్నాడు.

ఆదివారం పొద్దున నేనే లేపుతాను. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి చూడు, చెయ్యి వెయ్యొద్దు. బావ తనే లేచాడని సంఘమంతా చెప్పుకుంటాడు. వచ్చే ఏడాదికి మంచంతో సహా లేచానంటాడు. చెప్పనీ. నేనెక్కడా అననక్కా.

అయ్యగారికీ అమ్మగారికీ నా వందనాలు చెప్పు. మనోజ్‌కు నా ముద్దులు. పెద్దదానివి, నా తల మీద చెయ్యి పెట్టి దీవించు. మీ ప్రార్థనల్లో నన్ను మరవకండి. చింతకాయ తొక్కు ఇక పంపొద్దు, నేనే వచ్చి నీ చేతి అన్నంలో కలుపుకుని తింటాను.

బీరువాకు అటు పక్కవాడు,
నీ తమ్ముడు
కరుణాకర్