కనక మోసిన ఇసక మూట

అమ్మా, నేను బాగానే ఉన్నాను. పాడేరు అవతల ఈ కొండమీది ఊళ్లో ఫోను పలకదు, అందుకే కార్డు రాస్తున్నాను.

నా స్ట్రెంత్ ట్రైనింగ్ పీజీ ప్రాజెక్టు కోసం, కాఫీతోటల్లో పనిచేసే ఆడవాళ్లు ఎంతసేపు బరువు మోయగలరో కొలుస్తున్నాను. నిన్న కనక అనే ఆమె నెత్తిన ఇరవై కిలోల ఇసక మూట పెట్టి, అలసిపోయేదాకా బడి చుట్టూ తిరగమన్నాను. రెండు చుట్లయ్యాక ఆగి "ఇదెవురింటికమ్మా?" అని అడిగింది. ఎవరింటికీ కాదన్నాను. "ఉత్తినే మొయ్యడమేటి? మా సెల్లి గోడ కడతంది" అంటూ మూటతో కొండెక్కేసింది. స్టాప్‌వాచీ పట్టుకుని వెనకాలే పరిగెత్తి, సగం దారిలో కూలబడ్డాను. అక్కణ్ణుంచే చూశాను, ఆమె మూట దించేసరికి యాభై నిమిషాలు. అంతకుముందు బడి చుట్టూ తిప్పిన తొమ్మిదిమందిలో ఒక్కరూ పావుగంట దాటలేదు. వాళ్లకి బలం లేదని రాసేసుకున్నాను కూడా! తప్పు నాదే. అందరిచేతా మళ్లీ మోయించాలి, ఈసారి వాళ్ల ఇళ్లకే. ఇంకో పదిరోజులు పడుతుంది.

ఇక్కడ చలి చంపేస్తోంది, నా స్వెట్టరు జగదీష్ బావతో బేగి పంపు. గేదె ఈనిందా? నాన్న విరిగి అతికిన చేత్తో రోజూ నీళ్ల బాటిల్ ఎత్తుతున్నాడా? మానేసే ఉంటాడు. తిట్టకు, ఉత్తినే ఎత్తమనడం నా పొరపాటు. అదే బాటిల్ నింపి, పెరట్లో తను నాటిన మునగమొక్కకి రోజూ పదిసార్లు పొయ్యమను.

అమ్మమ్మకి దణ్ణాలు చెప్పు. నాన్న మాట నేను నమ్మను, వచ్చి మొక్కనే చూస్తాను.

నీ ఉమ