రెండు కాయలు, ఒకటి లెక్క

14-8-2001, అమలాపురం

కొబ్బరికి పట్టిన నల్లి పురుగు మీద నేను రాసిన ఎన్నో వార్తో ఇది, మరిచిపోయాను. కాయ మీద గోధుమరంగు మచ్చలు, పగుళ్లు, చిన్న సైజు. పత్రిక డెస్క్‌కి విసుగొచ్చింది. నాకూ వచ్చింది.

ఇవాళ ముమ్మిడివరం దగ్గర రాజ్యలక్ష్మి గారి తోటకి వెళ్లాను. భర్త పోయాక వ్యవసాయం ఆవిడే చూసుకుంటున్నారు. చెట్ల మీంచి కాయల దింపు జరుగుతోంది. వ్యాపారి మనిషి కాయల్ని రెండు రాశులు పోయించాడు. మంచివి ఒకటి, నల్లి కాయలు ఒకటి. నల్లి రాశిలో రెండు కాయలు ఒకటి లెక్క, రెండిటికీ ఒక కాయ డబ్బే. ఎవరు పెట్టారు ఈ లెక్క అని అడిగాను. మార్కెట్టండీ అన్నాడు. మార్కెట్ అంటే ఎవరు అన్నాను. ఆయ్, అందరూనండీ అన్నాడు.

సాల్మన్ గారు అక్కడే ఉన్నారు. అమలాపురం కాలేజీలో బోటనీ లెక్చరర్. నల్లి కాయలో కొబ్బరి నిజంగా ఎంత తగ్గుతోందో ఈ తోటలో లెక్క కడుతున్నారు. చెట్లకి తెల్ల పెయింట్‌తో నంబర్లు వేశారు. వాళ్ల నాన్న మోషే ఒకప్పుడు ఇదే తోటలో దింపు తీసేవాడట. రాజ్యలక్ష్మి గారు కుర్చీ వేయించారు. సాల్మన్ గారు కూర్చోలేదు. కాయల పక్కన గొంతుక్కూర్చుని పనిచేసుకున్నారు. ఆవిడ కుర్చీ తీయించలేదు.

పరిశోధనకి చెట్లు ఇచ్చినందుకు ఆవిడ పెట్టిన షరతు ఒకటే. తేలిందేదో ముందు నాకు చెప్పాలండి మాస్టారూ అన్నారు. ఆయ్, తప్పకుండానండి అన్నారు ఈయన.

2-11-2002

కాలేజీ డాబా మీద రాజ్యలక్ష్మి గారి కాయలు ఎండుతున్నాయి. కాకులు రాకుండా పైన పాత వల. ఎండినవాటిని సాల్మన్ గారు కెమిస్ట్రీ ల్యాబ్ త్రాసులో తూస్తున్నారు. కెమిస్ట్రీ కామేశ్వరరావు గారు తలుపు దగ్గర నిలబడి, పరిశోధన అయ్యేక చట్నీ ఏమన్నా మిగుల్తుందాండీ అని అడిగారు. మీ వాటా తీసి పక్కన పెట్టేనండీ, అందుకే బరువు తగ్గింది అన్నారు సాల్మన్ గారు.

తలుపు వేసి నాకు అసలు సంగతి చెప్పారు. తొక్క అంత వికారంగా ఉన్నా లోపల కొబ్బరి తగ్గింది కొద్దిగానే. సగం కాదు, సగానికి దరిదాపుల్లో కూడా లేదు. ఈ తోట వరకు మాత్రమే చెప్పగలనండి అని రెండుసార్లు అన్నారు.

రాస్తానన్నాను. వద్దన్నారు. వ్యాసం విదేశీ జర్నల్‌కి పంపుతున్నారు. ముందుగా ఏ దినపత్రికలోనైనా వస్తే వాళ్లు వేయరు. అది రూల్. అది పడితే తప్ప ఆయన ప్రమోషన్ ఫైలు కదలదు. రాయనని మాట ఇచ్చాను.

19-4-2003

జర్నల్ వాళ్లు సాల్మన్ గారి వ్యాసం తీసుకున్నారు. ఇంటర్నెట్ సెంటర్లో మెయిల్ ప్రింట్ తీసి చూపించారు. కింద ఒక ఫారం. సంతకం పెడితే సర్వహక్కులూ పబ్లిషర్‌వి. ఆయన ప్రతి లైనూ చదివి సంతకం పెట్టారు. ఇది మామూలేనా అని అడిగాను. అందరూ పెడతారండీ అన్నారు. తోటలో వ్యాపారి మనిషి గుర్తొచ్చాడు.

అచ్చులోకి రావడానికి ఏడాది పైనే పడుతుందట. వరసలో ముందు చాలామంది ఉన్నారట.

11-9-2003

రాజ్యలక్ష్మి గారు ఆఫీసుకి వచ్చారు. చెమట తుడుచుకుని, మంచినీళ్లు తాగి, అప్పుడు మాట్లాడారు. చెరువులు తవ్వే దొరబాబు తోట లీజుకి అడుగుతున్నాడు. దసరాకి జవాబు చెప్పాలి. చెట్లు కొట్టేస్తారు. రొయ్యలు వేస్తారు. రెండుకి ఒకటి లెక్క పోతే నేను తోట అట్టే ఉంచేస్తానండీ అన్నారు. నా మాట వ్యాపారి వినడండి, కాయితమ్మీద ఉండాలి. మాస్టారినడిగితే తేలిందమ్మా, పుస్తకంలో పడేదాకా చెప్పకూడదంటారు. నా చెట్లు, నా కాయలు. నాకు చెప్పడానికి పైదేశం దొరల పర్మిషనేంటండీ?

నేను ఇచ్చిన మాట మీద ఉన్నాను. కనుక్కుంటానన్నాను.

సాయంత్రం సాల్మన్ గారింటికి వెళ్లాను. అంకె చెబితే ఆవిడ వ్యాపారికి చూపిస్తారు, వాడు మార్కెట్టంతా చెబుతాడు, ఏదో పత్రిక వేస్తుంది, జర్నల్ వెనక్కి పంపేస్తుంది అన్నారు. ఈ వరసంతా ఆలోచించి పెట్టుకున్నారు. చెట్లు కొట్టించకండమ్మా అని మాత్రం చెప్పేనండీ అన్నారు. ఎందుకని ఆవిడ అడిగారట. పుస్తకంలో పడనివ్వండమ్మా అన్నారట ఈయన.

27-1-2004

తోట కొట్టేశారు. చెరువు గట్టు మీదకి వచ్చే చెట్లు కొన్ని ఉంచారు.

8-7-2004

వ్యాసం వచ్చింది. ఇంటర్నెట్‌లో పైన సారాంశం నాలుగు లైన్లు కనిపిస్తుంది. కిందకి వెళ్తే తాళం. డాలర్లు కట్టాలి, క్రెడిట్ కార్డు ఉండాలి. కాలేజీ లైబ్రరీకి ఆ జర్నల్ రాదు. రాసినాయనకి ఒక కాపీ ఇచ్చారు, ఎవరికీ పంచకూడదన్న షరతు మీద. ఆయన పంచలేదు.

ఇప్పుడు రాయవచ్చు. రాశాను. అంకెకి ఆధారం చూపించమంది డెస్క్. సారాంశం పంపాను. అందులో అంకె లేదు. కాబట్టి వార్తలోనూ లేదు. టెండర్ ప్రకటన పక్కన మూడు లైన్లు వచ్చింది.

వ్యాపారి మనిషి బస్టాండులో కనిపించాడు. ఆయ్, వార్త చూసేమండీ, అవి ఏ దేశం కాయలండీ అన్నాడు.

30-7-2004

సాల్మన్ గారికి ప్రమోషన్. స్వీట్లు పంచారు. ఒకటి తిన్నాను.

3-12-2006

కాలేజీ దగ్గర సాల్మన్ గారు ఆపారు. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నళ్లు వచ్చాయట. వాటిలో కొన్ని వేసినందుకు రాసేవాడి దగ్గరే డబ్బు తీసుకుంటాయట. గేటు చదివేవాడి ముందు నుంచి తీసి రాసేవాడి ముందు పెట్టేరండీ అని నవ్వారు. అప్పట్లో ఇవి ఉంటే అక్కడికే పంపేవారా అని అడిగాను. లేదండి, ప్రమోషన్‌కి వాటిని లెక్కలోకి తీసుకోరు అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

17-8-2008

ఆ విదేశీ జర్నల్ పాత సంచికలకి తాళం తీసేసింది. సాల్మన్ గారు ఉదయాన్నే వ్యాసం ప్రింట్ పట్టుకుని వచ్చారు. రాజ్యలక్ష్మి గారికి ఇచ్చొద్దాం, మీరూ రండి అన్నారు. నా స్కూటర్ మీద వెళ్లాం.

తోట ఉన్నచోట చెరువులు. నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టు మీది చెట్ల నంబర్లు దాదాపు చెరిగిపోయాయి.

రాజ్యలక్ష్మి గారు కుర్చీ వేయించారు. ఈసారి ఆయన కూర్చున్నారు. ఒక్కో పేరా తెలుగు చేసి వినిపించారు. చివర్లో కృతజ్ఞతలు, ఒక స్థానిక రైతుకి. మీ పేరే రాసేనండి, వాళ్లు తీసేసేరు అన్నారు. పర్లేదండి అన్నారావిడ. అయితే సగం కాదన్నమాట అన్నారు.

కాదండి అన్నారు ఈయన.

18-8-2008

నిన్న రాయనిది ఒకటి ఉంది. బయల్దేరుతుంటే రాజ్యలక్ష్మి గారు గట్టు మీది చెట్టు కాయలు రెండు తెచ్చి సాల్మన్ గారి చేతిలో పెట్టారు. రెండూ నల్లి కాయలే. రెండెందుకండీ, ఒకటి చాలండి అన్నారు ఈయన.

ఒకటేనండి మాస్టారూ అన్నారావిడ.