మైకు వదలని నాన్న

మోగింది బాబాయ్, నువ్విచ్చిన యాంప్లిఫయర్ మోగింది!

మైకు శబ్దాన్ని పెంచే ప్రీయాంప్‌కి మెయిన్ సప్లై నలభై వోల్టులూ నేరుగా ఇచ్చి, మొదటిది కాల్చేశాను. "పెద్దాళ్ళకి పెట్టినంతా పసివాడికి పెడతారటే?" అంది అమ్మ, పొగ తోలుతూ. ఇంకోటి కాలిస్తే వైర్లు ముట్టుకోనివ్వనన్నాడు నాన్న.

అమ్మ మాటే పట్టుకున్నాను. రెండో ప్రీయాంప్‌కి అదే సప్లై ఇస్తూ, దారిలో ఒక రెసిస్టరు, జీనర్ డయోడు పెట్టి పన్నెండు వోల్టులకి దించాను. గుర్రుమనకుండా కెపాసిటర్ వేశాను.

స్విచ్ వేస్తే చడీచప్పుడూ లేదు. నాన్న మైకు మీదకి వంగి, "ఇదీ కాల్చేసిందిరా దేవుడా!" అని నిట్టూర్చాడు.

ఇల్లు దద్దరిల్లింది. ఎదురింటి టైలరు కిటికీలోంచి అరిచాడు: "లేదండీ, బ్రహ్మాండంగా వినిపిస్తోంది!"

ఇప్పుడు నన్ను తిట్టే తీరిక నాన్నకెక్కడిది? మైకు వదిలితే కదా!

నీ అన్నగారమ్మాయి